క్లాసంతా ఎక్కించుకున్న నా అభిప్రాయం

మూడేళ్ల డిగ్రీలో మార్కులు లేని కాగితం మాకు ఒక్కటే ఇచ్చారు. దాన్ని కూడా మేం పరీక్ష రాసినట్టే రాశాం. అందులో మొదటి చెయ్యి నాది కాబట్టి ఈ సంగతి చెప్పాల్సింది కూడా నేనే.

మాది క్రైస్తవ మిషన్ వాళ్ల కాలేజీ. హఫీజ్‌పేట్ నుంచి కొండాపూర్ వెళ్లే దారిలో బండల మధ్య కట్టారు. తొంభైల చివరి రోజులవి. మాదాపూర్ వైపు గుండ్రటి పెద్ద భవనం ఒకటి లేస్తోంది, దాని చుట్టుపక్కల బండలు పేలుస్తున్నారు. పేలుడుకు ముందు సైరన్ మోగేది. లెక్చరర్లు సుద్దముక్క పట్టుకుని ఆగేవాళ్లు, కిటికీ అద్దాలు అదిరి ఊరుకున్నాక పాఠం మళ్లీ సాగేది. పొద్దున్నే మైకులో ప్రార్థన. ఏ మతం వాళ్లయినా నిలబడాలి, కళ్లు మూసుకోవడం మాత్రం ఎవరిష్టం వాళ్లది. వారానికి ఒక గంట క్రైస్తవ పిల్లలకు బైబిలు క్లాసు, అదే గంటలో మిగిలిన మాకు నీతి పాఠం. నీతి పాఠం గంటలో మేం ల్యాబ్ రికార్డులు ఎక్కించుకునేవాళ్లం.

ఎక్కించుకోవడం అంటే చెప్పాలి. నాకు ఇంగ్లీషు బాగా వచ్చని పేరు. ఎంత బాగా అని ఇప్పుడడిగితే నాకే నవ్వొస్తుంది గానీ, ఆ క్లాసుకు అది చాలు. మా నాన్న ప్రభుత్వ ఉద్యోగి. కాకినాడ నుంచి బదిలీ అయి వచ్చి హఫీజ్‌పేట్‌లో ఒక పోర్షన్‌లో అద్దెకు దిగాం. నేను చిన్నప్పటి నుంచీ కాన్వెంటే. క్లాసులో ఎక్కువమంది మాత్రం పాలమూరు, మెదక్, నల్గొండ వైపు నుంచి పనులకోసం నగరానికొచ్చిన కుటుంబాల పిల్లలు, ఇంటర్ దాకా తెలుగు మీడియం. నా పక్కన కూర్చునే అమ్మాయి నానక్‌రామ్‌గూడ నుంచి సెవెన్ సీటర్ ఆటోలో వచ్చేది. మా కిటికీలు అదిరేలా పేల్చిన ఆ బండల్ని కొట్టే పని వాళ్ల నాన్నది. లెక్కల్లో ఆ పిల్ల నాకంటే చురుకు. ఇంగ్లీషులో ఒక వాక్యం రాయమంటే మాత్రం పెన్ను పట్టుకుని నా మొహం చూసేది.

అందుకని రికార్డు ముందు నేను రాసేదాన్ని. నాది చూసి ఆమె, ఆమెది చూసి వెనక బెంచీ, అలా వారం తిరిగేసరికి నా వాక్యాలు చివరి బెంచీ దాకా చేరేవి. దీన్ని ఎవరూ కాపీ అనేవాళ్లు కాదు. ఓసారి లోలకం ప్రయోగంలో నేను లెక్క తప్పు వేస్తే క్లాసంతా అదే తప్పు వేసింది. ఫిజిక్స్ సారు రికార్డులన్నీ దిద్ది, నలభై లోలకాలు ఒక్కతీరుగా ఎట్లా ఊగాయని అడిగారు. మేం నవ్వాం. ఆయనా నవ్వారు.

ఆ సారుది సిద్దిపేట దగ్గర పల్లె. మూడేళ్ల నుంచి టెంపరరీ మీదే పనిచేస్తున్నారు. మా రెండో సంవత్సరం ఏప్రిల్‌లో పర్మనెంట్ చేస్తామని ప్రిన్సిపాల్ ఫాదర్ మాటిచ్చారు. పర్మనెంట్ అయిన వాళ్ల పిల్లలకు క్యాంపస్‌లోని స్కూల్లో సీటు ఇస్తారు. సారు భార్య, కూతురు ఇంకా ఊళ్లోనే ఉన్నారు, ఈయన ఇక్కడ ఒక్కగదిలో ఉండి వండుకుని తింటున్నారు. "జూన్ల మా బిడ్డ గూడ ఈ గేట్లకెల్లే వస్తది" అని ఒకరోజు పాఠం మధ్యలో అనేసి, సిగ్గుపడి బోర్డు వైపు తిరిగారు.

సారు పాఠం నలభై నిమిషాలు ఇంగ్లీషులో, చివరి పది నిమిషాలు తెలుగులో ఉండేది. మిగతా లెక్చరర్లెవరూ అలా చెప్పేవాళ్లు కాదు. ఆ పది నిమిషాల్లో వెనక బెంచీల్లో మొహాలు విప్పారేవి, తలలు ఊగేవి, ప్రశ్నలు వచ్చేవి. నాకది ఒళ్లుమంటగా ఉండేది. ఇంగ్లీషు వస్తేనే ఉద్యోగమని అమీర్‌పేట్ గోడల మీద కోచింగ్ పోస్టర్లన్నీ మొత్తుకుంటున్న రోజుల్లో డిగ్రీ క్లాసులో ఈ తెలుగేమిటని నా బాధ. సారు తెలుగు మొదలుపెట్టగానే నేను నోటుబుక్కు మూసేసి, పెన్నుకు క్యాప్ పెట్టి, ఆయనకు కనబడేలా కిటికీ బయటికి చూస్తూ కూర్చునేదాన్ని. ఆయన చూసేవారు. చూసి పాఠం సాగించేవారు.

రెండో సంవత్సరం ఫిబ్రవరిలో నా సెమినార్ వచ్చింది. ఎంట్రోపీ మీద. వారం రోజులు బట్టీ పట్టి, అద్దం ముందు నిలబడి చెప్పుకుని, క్లాసులో ఒక్క మాట తడబడకుండా అప్పజెప్పాను. క్లాసు చప్పట్లు కొట్టింది. సారు మెచ్చుకుని, అదే సంగతి మీ అమ్మకు చెప్పాలంటే ఎట్లా చెప్తవో తెలుగులో రెండు మాటలు చెప్పమన్నారు. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. తెలుగు రాక కాదు, సంగతే రాక. ఆ నిలబడ్డ అర నిమిషంలో అది నాకు తెలిసింది, క్లాసుకూ తెలిసింది.

సారు కోప్పడలేదు. నన్ను కూర్చోమని, క్లాసు వైపు తిరిగి అడిగారు. "చాయ్‌ల పాలు పోస్తం. కలుస్తయ్. మళ్ల ఆ పాలు గిన్నెలకి తియ్యమంటే తీయొస్తదా?" రాదని అందరూ అన్నారు. అక్కణ్నుంచి పది నిమిషాల్లో ఎంట్రోపీ మొత్తం చెప్పేశారు. నా పక్కమ్మాయి గబగబా రాసుకుంటోంది. నేను మూసిన పుస్తకం మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. ఆ అవమానం మనసులో పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే నాలుగు రోజులు అన్నం కూడా సరిగా తినలేదు.

సరిగ్గా ఆ వారంలోనే ఆ కాగితం వచ్చింది. కాలేజీకి స్వయంప్రతిపత్తి కావాలట, కమిటీ వస్తుందట, చదువు గురించి విద్యార్థులు ఏమనుకుంటున్నారో రాతలో ఉండాలట. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో రోజు. శుక్రవారం ఆఖరి గంట ఫిజిక్స్‌ది. మా డిపార్ట్‌మెంట్ హెడ్, కృష్ణా జిల్లా మేడం, కాగితాలు పంచి, పేర్లు రాయొద్దని, ఎవరికీ భయపడొద్దని చెప్పి, మేం స్వేచ్ఛగా రాసుకోవాలని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు. కాగితమంతా ఇంగ్లీషు. పైన టిక్కులు పెట్టే ప్రశ్నలు, కింద మీ అభిప్రాయం రాయండని ఒక పెద్ద ఖాళీ గడి.

నేను ఆలోచించుకోకుండా రాశాను. విలువైన తరగతి సమయాన్ని సారు తెలుగులో వివరించడానికి వృథా చేస్తున్నారు, అందువల్ల సిలబస్ వెనకబడుతోంది, ఇంగ్లీషు మీడియం కాలేజీకి ఇది తగదు అని. ఇంగ్లీషులో మంచి వాక్యం. రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

పక్కమ్మాయి మోచేత్తో పొడిచింది. "ఏం రాసినవే, జర సూపియ్." ఇచ్చాను. అక్షరం అక్షరం దించుకుంది. తర్వాత కాగితం వెనక బెంచీకి వెళ్లింది. అక్కణ్నుంచి ఇంకా వెనక్కి. వద్దని నేను అనొచ్చు. ఇది అభిప్రాయం, దీనికి జవాబు ఒకటే ఉండదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నా కాగితం క్లాసంతా తిరుగుతుంటే నాకు గర్వంగా ఉంది. గంట కొట్టేసరికి తిరిగి నా చేతికొచ్చింది, అంచులు నలిగి. టిక్కులు కూడా అందరూ నావే పెట్టారు.

పది రోజుల తర్వాత సారు పాఠం చివరిదాకా ఇంగ్లీషులోనే సాగింది. గంట కొట్టగానే సుద్ద తుడుచుకుని వెళ్లిపోయారు. మర్నాడూ అంతే. నా పక్కమ్మాయి ఖాళీగా ఉన్న సగం పేజీ చూసుకుంటూ కూర్చుంది. మూడో రోజు మేడం వచ్చి అసలు సంగతి చెప్పారు. "క్లాసంతా ఒకే మాట రాశారటండీ. ఇంతమంది ఏకగ్రీవంగా చెప్పారంటే తీసిపారేసేది కాదని ఫాదర్ గారు పైకి రాసేశారు. ఇంక సారుకి పర్మనెంట్ కష్టమే." మేడం గొంతులో సంతోషం లేదు, మా మీద ప్రేమా లేదు.

ఆవిడ వెళ్లాక పక్కమ్మాయి నా వైపు తిరిగింది.

"ఏం రాసినం మేము?"

అర్థం తెలుగులో చెప్పాను. ఆమె మూడు రోజులుగా ఖాళీగా మిగిలిన సగం పేజీలు ఒక్కొక్కటే తిరగేసింది. తనకు సమజయ్యే ఒకే ఒక్క క్లాసును వద్దని తన చేత్తో తనే రాసిందని లోపలికి దిగడానికి అంతసేపు పట్టింది.

"మీరు చదువుకుని రాయాలి కదా" అన్నాను నేను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నామీద నాకు అసహ్యమే.

"ఇంగ్లీషుల ఏది సరైందో నీకెర్క. నువ్వు రాసిందే రాసుడు మాకెర్క. గంతే గద రెండేండ్ల సంది" అంది ఆమె. తర్వాత గొంతు తగ్గించింది. "చాయ్‌ల పోసినవ్ పాలు. ఇగ తియ్యి, సూస్త."

ఆ ఒక్క మాటతో ఎంట్రోపీ నాకూ అర్థమైంది.

చర్చిలో ఒక కిటికీ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని తప్పులు చెప్పుకుంటారట, పోయి అక్కడ చెప్పుకోమని ఆమె సలహా. ఎగతాళో నిజమో తెలియలేదు. నేను ముందు సారు దగ్గరికే వెళ్లాను. ల్యాబ్‌లో ఒక్కరే కూర్చుని రికార్డులు దిద్దుతున్నారు. ఆ కాగితంలో రాసింది నేనే సార్ అన్నాను. ఆయన తల ఎత్తకుండా తెలుసన్నారు.

"ఫాదర్ కాయితాలన్నీ నాకు సూపిచ్చిండు. ఒక్కదాంట్లనే తప్పుల్లేవు. మిగిలినయన్నిట్ల ఎక్కిచ్చుకునేటప్పుడు పడ్డ తప్పు ఒక్కోటి ఉన్నది. రెండేండ్ల నుంచి మీ రికార్డులు దిద్దుతున్న, ఎవలది ఎవలు ఎక్కిస్తరో నాకెర్క లేదా?"

అయితే ఫాదర్‌కు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఎర్ర సిరా పెన్ను పక్కన పెట్టారు.

"నీ అభిప్రాయం అడిగిన్రు, నువ్వు రాసినవ్. దాంట్ల నీ తప్పేం లేదు బిడ్డా. కానీ మిగిలినోళ్లు... ఎవ్వలు పరీక్ష పెట్టని కాడ, మార్కుల్లేని కాడ గూడ సొంతంగ ఒక్క మాట రాసుకోలేకపాయిరి. మరి ఇన్ని దినాలు నేనేం చెప్పినట్టు? ఆ కాయితంల సమయం వృథా అని ఉన్నది గద. నిజమే అనిపిచ్చింది."

నన్ను తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని కాదు. అక్కడే, బ్యాటరీల బల్ల పక్కన నిలబడి ఏడ్చాను. ఆయన ఎర్ర పెన్ను తీసుకుని, ఆపిన చోటు నుంచి రికార్డు దిద్దడం మళ్లీ మొదలుపెట్టారు.

అక్కణ్నుంచి నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. ఫాదర్ కేరళ ఆయన. తెలుగు కొంచెం మాట్లాడతారు, చదవడం రాదు. తలుపు వేయబోతే తెరిచే ఉంచమన్నారు. నేను తీరు తెలియక చేతులు జోడించి నిలబడితే, ఇది చర్చి కాదు ఆఫీసు, ఇక్కడ చెప్పేది గట్టిగా చెప్పాలి అన్నారు. సెమినార్ దగ్గర్నుంచి అన్నీ చెప్పాను. నోటుబుక్కు మూసే సంగతి కూడా. ఆయన వింటూ వింటూ బీరువాలోంచి ఆ కాగితాల కట్ట తీశారు. నాలుగైదు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఏకగ్రీవం అని పైకి రాసింది తనే. తన తొందర కూడా అందులో కనబడి ఉంటుంది, మొహం చిన్నబుచ్చుకున్నారు. నివేదిక అప్పటికే పాలకమండలికి వెళ్లిపోయింది. వెనక్కి తెప్పించడం కుదరదు, ఇంకొకటి పంపడం కుదురుతుంది. క్లాసంతా మళ్లీ రాయాలి, ఒక్కో బెంచీకి ఒక్కరే కూర్చుని, ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు.

తెలుగులో రాస్తే ఆయనకెలా తెలుస్తుందని అడిగాను. వేలితో నన్నే చూపించారు. అప్పుడు అర్థమైంది, చదివి ఇంగ్లీషులో చెప్పాల్సింది నేనేనని.

సోమవారం నాడు సగం క్లాసు మా గదిలో, సగం పక్క గదిలో కూర్చుని రాశాం. నేనూ తెలుగులోనే రాశాను, అయిదు లైన్లు, అక్షరాలు కోడిగెలికినట్టు. మధ్యాహ్నం ఫాదర్ గదిలో ఒక్కో కాగితం తీసి పైకి చదివి, ఇంగ్లీషులో చెప్పాను. మేడం పక్కనే కూర్చుని నేను ఎక్కడైనా తీపి కలుపుతున్నానేమోనని చూశారు.

కలపడానికి అవకాశం కూడా లేదు. ఏ రెండు కాగితాలూ ఒక్కలా లేవు. ఒకరు సారు ఇంగ్లీషు మరీ వేగమన్నారు. ఒకరికి ఆయన దస్తూరి అర్థం కాదట. ల్యాబ్‌లో ఆయన కోపం తగ్గించుకోవాలని ఒకరు, వెనక బెంచీకి వినపడదని ఇంకొకరు. ఒకతను ఫిజిక్స్ సంగతి వదిలేసి క్యాంటీన్ సాంబారు గురించి పేజీ నిండా రాశాడు. ఫాదర్ అది కూడా పూర్తిగా విన్నారు. తెలుగులో చెప్పడం ఆపొద్దని మాత్రం దాదాపు అందరూ, ఎవరి మాటల్లో వాళ్లు రాశారు. ఇన్నాళ్లూ వీళ్లకు సొంత మాట లేదనుకున్నాను. రెండేళ్లుగా ఆ చోటంతా నా వాక్యాలు కూర్చుని ఉన్నాయి.

పక్కమ్మాయి దస్తూరి నాకు తెలుసు. ఆమె కాగితం కూడా మిగతా వాటిలాగే పైకి చదివాను. "మా ఇంట్ల కాలేజికి వచ్చింది నేనొక్కదాన్నే. ఇంటికి పొయినంక మా నాయిన ఇయ్యాల ఏం చెప్పిన్రు బిడ్డా అని అడుగుతడు. ఫిజిక్స్ ఒక్కటే మా నాయినకు చెప్పొస్తది నాకు" అని ఉంది. ఇంగ్లీషు చేసి చెప్పాను. నా ఇంగ్లీషు మొదటిసారి పనికొచ్చినట్టు అనిపించింది. ఫాదర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, తర్వాతిది చదవమన్నారు.

ఏప్రిల్ వెళ్లిపోయింది. పరీక్షలయ్యాయి. పాలకమండలి ఏమందో మాకు తెలియకుండానే సెలవులిచ్చేశారు. ఆ ఎండాకాలం నేను ఇంట్లో ఏ పని చేస్తున్నా ఇదే ధ్యాస. ఒకసారి మా అమ్మకు వంటింట్లో ఎంట్రోపీ చెప్పాను. ఆవిడ అంతా విని, ఈ మాత్రం దానికి కాలేజీ ఎందుకే అంది. నాకు సంతోషమేసింది.

కాలేజీ తెరిచిన రోజు గేటు దగ్గర సారు కనబడ్డారు. స్కూలు యూనిఫారంలో ఒక చిన్నపిల్ల ఆయన వేలు పట్టుకుని నడుస్తోంది, కొత్త బూట్లు కరుస్తున్నాయేమో కుంటుతోంది. చెట్టు కిందికి వెళ్లి కళ్లు తుడుచుకుని క్లాసుకు వెళ్లాను. ఉద్యోగం పర్మనెంట్ అయింది. అయితే ఉత్తర్వులో ఒక షరతు పెట్టారని మేడం చెప్పారు. లెక్చరరు తరగతి గదిలో ఇంగ్లీషులో మాత్రమే బోధించాలి. మొదటి నివేదికలో నా వాక్యం పైకి వెళ్లి అక్కడ కూర్చుంది. రెండోది సారును కాపాడింది గానీ ఆ వాక్యాన్ని కదపలేకపోయింది.

మొదటి పాఠం విద్యుత్ క్షేత్రం. సారు నలభై నిమిషాలు ఇంగ్లీషులో చెప్పి గడియారం చూసుకున్నారు. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, నన్ను లేచి రమ్మన్నారు.

"తెలుగుల నేను చెప్పొద్దన్నరు. నువ్వు చెప్పొద్దని ఎవ్వలు అనలే. పది నిమిషాలు నీవే, ఈ యేడంత."

అని వచ్చి నా చోట్లో, నా పక్కమ్మాయి పక్కన కూర్చుని, నా నోటుబుక్కు తెరిచి, పెన్ను క్యాప్ తీశారు.

నేను బోర్డు దగ్గర నిలబడ్డాను. సుద్దముక్క తీసుకున్నాను. పొయ్యి మండుతోందనుకోండి, అన్నాను. దాని మీద గిన్నె పెట్టినా పెట్టకపోయినా చుట్టూ వేడి ఉంటుంది, మనం చెయ్యి పెడితే తెలుస్తుంది, పెట్టకపోతే తెలియదు, అంతే తేడా. విద్యుత్ ఆవేశం, అంటే చార్జ్, దాని చుట్టూ క్షేత్రం కూడా అలాగే ఉంటుంది... అక్కడ దాకా వచ్చి ఆగాను. మొహాలు చూశాను. కొన్ని తలలు ఊగాయి, కొన్ని ఊగలేదు.

మొదటి బెంచీలోంచి నా పక్కమ్మాయి చెయ్యెత్తింది.

"సమజ్ కాలే. ఇంకోపారి చెప్పు."

మళ్లీ మొదట్నుంచీ చెప్పాను.